దిగువ కృష్ణాతీర సంగీత శ్రోతలు: వన్స్‌మోర్ నుండి కోరిన పాట వరకు

ప్రస్తావన

తెలుగువారి సంగీత చరిత్ర ఇంతవరకు ప్రధానంగా వాగ్గేయకారుల చరిత్రగా, గురుశిష్య పరంపరల చరిత్రగా, ఆ తరువాత సినీగాయకుల చరిత్రగా రచింపబడింది. పాడినవారి జననమరణాలు, బిరుదులు, సత్కారాలు అందులో నమోదయ్యాయి. విన్నవారు దేనిని మెచ్చుకొన్నారు, దేనిని మరల పాడమన్నారు, దేనిని విని లేచిపోయారు అన్న విషయం మాత్రం "సభ రంజిల్లింది" అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతూ వచ్చింది. సహృదయుడు లేనిదే రససిద్ధి లేదని అలంకారశాస్త్రం చెప్పిన సంప్రదాయంలో సహృదయునికి చరిత్ర లేకపోవడం గమనింపదగిన లోపం.

ఈ వ్యాసం మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను పరిధిగా గ్రహించి, ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి ఘంటసాల మరణించిన 1974 వరకు శ్రోతల అభిప్రాయ ప్రకటన ఏయే రూపాలు ధరించిందో పరిశీలిస్తుంది. ఇందులోని ప్రతిపాదన ఒక్కటే. ఈ ప్రాంతపు శ్రోతలు రెండు తరాలకు పైగా ఒక ప్రశ్నపై వాదించుకొన్నారు: పాటలోనూ పద్యంలోనూ రాగానికి ఎంత చోటు ఇవ్వాలి, మాటకు ఎంత చోటు ఇవ్వాలి? ఆ వాదం గాయకుల ప్రతిభకు వెలుపల జరిగిన కాలక్షేపం కాదు. తెలుగులో పద్యగానం నేడు మనకు తెలిసిన రూపం దాల్చడానికి గల కారణాలలో అది ముఖ్యమైనది.

వినికిడి వేదికలు

కృష్ణ ఆనకట్ట 1855 నాటికి పూర్తయి, కాలువల నీరు డెల్టాకు అందిన తరువాత వరిపంట ఈ ప్రాంతపు ఆర్థిక జీవితాన్ని మార్చివేసింది. సంగీత నాటకాల కాలపట్టిక కూడా పంటను అనుసరించే ఏర్పడింది. కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యం ఇంటికి చేరిన సంక్రాంతి మొదలుకొని శివరాత్రి, శ్రీరామనవమి మీదుగా వేసవి చివరి వరకు పందిళ్లు లేచేవి. జమీందారుల పోషణతో పాటు ఊరివారి చందాలు, ఆపైన టిక్కెట్టు సొమ్ము కళాకారునికి ఆధారమయ్యాయి. పోషకుడు ఒక్కడైనప్పుడు అతని అభిరుచియే ప్రమాణం. పోషకులు వందలమంది అయినప్పుడు ప్రమాణం ఏమిటన్నది వాదవిషయమవుతుంది. 1908లో విజయవాడ, మచిలీపట్నాల నడుమ రైలుమార్గం ఏర్పడడంతో నాటక సమాజాలు, భాగవతార్లు గుడివాడ మీదుగా బందరు చేరడం తేలికైంది. ఒకే నటుని రెండు ఊళ్లలో విని పోల్చి చెప్పగల శ్రోత అప్పుడే పుట్టాడు.

ఈ శ్రోతకు వెనుక దీర్ఘమైన వినికిడి సంస్కారం ఉంది. మువ్వగోపాల ముద్రతో పదాలు రచించిన క్షేత్రయ్యను సంప్రదాయం మొవ్వ గ్రామానికి చెందినవానిగా చెబుతుంది. ఆ మొవ్వకు చేరువలోనే కూచిపూడి ఉంది. భామాకలాపంలో సత్యభామ అభినయాన్ని ఏటేటా చూసి, ఈ ఏటి భామ నిరుటి భామకు సాటి వచ్చిందా లేదా అని తేల్చడం ఆ చుట్టుపక్కల గ్రామాలకు అలవాటైన విద్య. కథ అందరికీ తెలిసినదే కనుక వారి దృష్టి ఎల్లప్పుడూ కథనంపైనే నిలిచింది.

పెదకళ్లేపల్లి పరంపర, కచేరీ శ్రోత

కృష్ణానది ఒడ్డున దివిసీమలో ఉన్న పెదకళ్లేపల్లి తెలుగు సంగీత సాహిత్యాలు రెండింటికీ ముఖ్యమైన గ్రామం. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన వద్ద అభ్యసించిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఈ ఊరివారు. శాస్త్రిగారి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దివిసీమలోనే, ఆంధ్రమహావిష్ణువు ఆలయం గల శ్రీకాకుళం గ్రామంలో జన్మించి, విజయవాడలో స్థిరపడి, 1951లో కీర్తిశేషులయ్యే వరకు శిష్యులను తీర్చిదిద్దారు. వారిలో ఒకరైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల ప్రాయంలో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి పూర్తి కచేరీ చేశారు. అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణకు పూనుకొన్న వేటూరి ప్రభాకరశాస్త్రి 1888లో పెదకళ్లేపల్లిలో జన్మించినవారే.

ఈ పరంపర తంజావూరు సంగీతాన్ని తెలుగునేలకు మరల తెచ్చిందని చెప్పడం పరిపాటి. శ్రోత పక్షాన ఇందులో మరొక విశేషం ఉంది. కావేరీ తీరపు కచేరీలలో త్యాగరాజ కృతిని వినేవారిలో అధికులకు అందులోని తెలుగు పరభాష. అక్కడ సాహిత్యం నాదానికి ఆలంబనం మాత్రమే. కృష్ణాతీరపు శ్రోతకు ఆ తెలుగు ఇంటిభాష. గాయకుడు తాళం కోసం మాటను తప్పుచోట విరిస్తే, రెండు పదాల నడుమ ఊపిరి తీయవలసినవాడు ఒక పదం మధ్యలో తీస్తే, అర్థం చెడిన సంగతి ముందు వరుసలోని పండితునికే కాక వెనుక కూర్చున్న రైతుకు కూడా తెలుస్తుంది. అందువల్ల ఇక్కడి కచేరీ శ్రోత రెండు తక్కెడలు పట్టుకొని కూర్చున్నాడని చెప్పవచ్చు. ఒకదానిలో రాగం, రెండవదానిలో మాట. ఈ రెంటి తూకం తప్పినప్పుడు కచేరీ మర్యాద అతని నోరు కట్టివేసేది. మెచ్చినప్పుడు తల ఊపడం, శభాషనడం, తొడపై తాళం వేయడం ఉన్నాయే గాని, మెచ్చనప్పుడు మౌనమే అతని భాష. ఆ మౌనానికి గొంతు లభించిన చోటు నాటక పందిరి.

వన్స్‌మోర్

తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి మచిలీపట్నం హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ అక్కడ వారి శిష్యులు. ఆ జంటకవుల పాండవోద్యోగ విజయాలు కోస్తా జిల్లాలలో పొందిన ప్రచారం అసాధారణమైనది. రాయబారం ఘట్టంలోని పద్యాలు చదువురానివారికి సైతం కంఠస్థమయ్యాయి. ఆ కంఠస్థతే శ్రోతకు అధికారాన్ని ఇచ్చింది. పద్యం తనకు ముందే తెలుసు కనుక నటుడు చెప్పబోయే విషయం కోసం అతడు రాలేదు. ఎలా చెబుతాడో తేల్చడానికి వచ్చాడు.

ఆ తీర్పు ప్రకటనకు ఏర్పడిన సంకేతమే వన్స్‌మోర్. ఇంగ్లీషు అక్షరం ఎరుగని ప్రేక్షకులు కూడా తమ సొంతం చేసుకొన్న ఈ మాట తెలుగు నాటకరంగ విమర్శలో అతి సంక్షిప్తమైన వాక్యం. దానికి బదులుగా నటుడు పద్యాన్ని మరల పాడవలసిందే. చనిపోయిన పాత్ర లేచి, పద్యం మరొకమారు పాడి, తిరిగి చనిపోయిందని నేటికీ చమత్కారంగా చెప్పుకొంటారు. దీనికి తోడు చదివింపులు ఉండేవి. మెచ్చిన శ్రోత సొమ్ము పంపితే, నాటకం ఆపి, అతని పేరు, ఊరి పేరు వేదికపై నుండి చదివేవారు. శ్రోత పేరు కళాకారుని పేరు పక్కన బహిరంగంగా వినిపించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

కాంట్రాక్టు నాటకాల కాలంలో ఈ పోలిక మరింత స్పష్టమైన రూపం పొందింది. వేర్వేరు సమాజాలలో పేరుపడ్డ నటులను ఒక్క రాత్రికి ఒక్కచోట చేర్చి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులను వరుసగా ప్రవేశపెట్టేవారు. కథాదృష్టితో చూస్తే ఇది హాస్యాస్పదం. శ్రోత దృష్టితో చూస్తే, ఒకే పాత్రను, ఒకే కవి రచనను, ఒకే హార్మోనియం శ్రుతిలో పక్కపక్కన విని ఎవరు మిన్న అని తేల్చుకొనే ఏర్పాటు. మరునాడు ఆ చర్చ కాలువ గట్టునా కాఫీ హోటలులోనూ సాగేది. శ్రోతలు నటుల పేరుమీద వర్గాలుగా విడిపోయేవారు.

రాగమా, భావమా

వన్స్‌మోర్ అడిగినవారందరూ ఒకే కారణానికి అడగలేదు. కొందరు పద్యం చివర నటుడు తీసిన సుదీర్ఘమైన రాగం కోసం అడిగారు. కొందరు మాట విరుపు కోసం, ఎత్తుపొడుపు కోసం అడిగారు. ఈ రెండు కోరికల నడుమ గల వైరుధ్యమే తెలుగు రంగస్థలంపై పెద్ద వివాదమైంది. బళ్లారి రాఘవ వంటి సంస్కర్తలు రాగాలాపన నాటకాన్ని మింగివేస్తున్నదని భావించి, సహజమైన వాచికానికి ప్రాధాన్యమిచ్చారు. రాగం తీసివేస్తే పద్యనాటకంలో మిగిలేది ఏమిటని సామాన్య ప్రేక్షకులు ఎదురు ప్రశ్నించారు. టిక్కెట్టు కొన్నవారిలో అధికసంఖ్యాకులు పద్యం పక్షానే నిలిచారు.

ఈ వాదానికి అక్షరరూపం ఇవ్వగల సాధనం మచిలీపట్నంలోనే ఉంది. 1902లో ఆరంభమైన కృష్ణాపత్రికకు 1907 నుండి 1945 వరకు ముట్నూరి కృష్ణారావు సంపాదకులు. రాజకీయాలతో సమానంగా కళలకు చోటిచ్చిన పత్రిక అది. సాయంవేళ ఆయన చుట్టూ చేరే కవులు, గాయకులు, చిత్రకారుల గోష్ఠిని కృష్ణాపత్రిక దర్బారు అని పిలిచేవారు. నోటిమాటగా పుట్టిన అభిప్రాయం అక్షరానికి చేరడానికి ఇటువంటి గోష్ఠి అవసరమైన మెట్టు.

ఆ పత్రిక ద్వారా వెలుగులోకి వచ్చిన విమర్శకుడు మచిలీపట్నం వాసి కమలాకర కామేశ్వరరావు. టాకీలు వచ్చిన తొలి దశాబ్దంలో ఆయన సినీఫాన్ అన్న కలంపేరుతో చిత్రసమీక్షలు రాశారు. ఆ కలంపేరు అర్థవంతమైనది. శాస్త్రజ్ఞుడను, పండితుడను అని చెప్పుకోక, అభిమానిని అని చెప్పుకొని తీర్పునకు కూర్చున్నవాడు తెలుగు పత్రికారంగంలో అప్పటికి కొత్త. అభిమానికి కూడా వివేచన ఉంటుందని, ఆ వివేచనకు కారణాలు చూపే బాధ్యత ఉంటుందని ఆ రచనలు నిరూపించాయి. వన్స్‌మోర్ అన్న కేకకు, సినీఫాన్ సమీక్షకు మధ్య గల తేడా ఇదే. మొదటిది తీర్పు మాత్రమే చెబుతుంది, రెండవది హేతువునూ చెబుతుంది.

నవ్వులపాలైన బాలుడు

1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు బాల్యం ఈ శ్రోతల మధ్యనే గడిచింది. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడితే, బాలుడు నాట్యం చేసి మెప్పు పొందేవాడు. ఆ మెప్పు తెచ్చిన ధీమాతో ఒక సభలో విద్వాంసులతో పోటీపడి, ఓడి, నవ్వులపాలయ్యాడని, ఆ అవమానమే శాస్త్రీయ శిక్షణకు పురికొల్పిందని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. తండ్రి మరణానంతరం విజయనగరం చేరి, మధూకరంతో పొట్ట పోసుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రి శిక్షణలో సంగీతం అభ్యసించిన కథ సుప్రసిద్ధం. ఆ కథను గాయకుని పట్టుదలకు ఉదాహరణగా చెప్పడం మనకు అలవాటు. శ్రోతల చరిత్రలో దాని అర్థం వేరు. అతనిని విజయనగరానికి పంపినది ఒక సభ నవ్విన నవ్వు. శ్రోతల తిరస్కారం ఒక గాయకుని నిర్మాణంలో భాగమైన సందర్భం ఇది.

శిక్షణ ముగించుకొని వచ్చిన ఘంటసాల ఆడిన వేదికలు మరల ఊరి వేదికలే: పెళ్లిళ్లు, ఉత్సవాలు, నాటకాలు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లి, ఆపైన మద్రాసు చేరి, 1940ల చివరి నాటికి సినీరంగంలో నిలదొక్కుకొన్నారు. ఆయన పద్యగానంలో మూడు లక్షణాలు ప్రస్ఫుటం. పద్యారంభంలో రాగం సన్నివేశాన్ని సూచించేంత వరకే ఉంటుంది. పదచ్ఛేదం అర్థాన్ని అనుసరిస్తుంది. ఆలాపన పద్యం చివరనో భావం కోరిన చోటనో వచ్చి, ఆ భావం పూర్తికాగానే ఆగుతుంది. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం పద్యాలకు ఆయన కంఠం ద్వారా లభించిన ప్రచారానికి ఈ మూడూ కారణాలు. రాగం కోరినవానికి రాగం, మాట కోరినవానికి మాట లభించాయి. నాటక పందిరిలో పరిష్కారం కాని వివాదానికి చౌటపల్లి గాయకుడు సూచించిన సమాధానం అది.

ఇక్కడ ఒక ఆక్షేపణను పరిశీలించాలి. ఈ సంక్షిప్తతకు కారణం శ్రోతలు కారని, గ్రామఫోను రికార్డు అని చెప్పవచ్చు. 78 భ్రమణాల రికార్డులో ఒక్కొక్క పక్క మూడు నిమిషాలకు కొంచెం మించి నడిచేది. అందులో దీర్ఘాలాపనకు చోటు ఉండదు. ఈ వాదంలో సత్యం ఉంది గాని, అది సమగ్రం కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి తరం నాటక గాయకుల పద్యాలు కూడా అటువంటి రికార్డులపైనే వెలువడ్డాయి. ఆ వ్యవధిలోనే వారు రంగస్థలపు రాగవిన్యాసాన్ని ఇమిడ్చారు. సాధనం ఒకటే అయినా ఫలితాలు వేరైనప్పుడు, తేడాకు మూలం సాధనంలో కాక అభిరుచిలో వెదకాలి. రికార్డు వ్యవధిని నిర్ణయించింది. ఆ వ్యవధిని దేనితో నింపాలన్నది గాయకుడు, అతనిని విన్నవారు కలిసి నిర్ణయించారు.

రెండు చిత్రాల సాక్ష్యం

ఈ వాదక్రమాన్ని ఒక్కచోట చూపగల కృతి 1963లో వచ్చిన నర్తనశాల. దాని దర్శకుడు ఒకనాటి సినీఫాన్, కమలాకర కామేశ్వరరావు. సంగీత దర్శకుడు పెదకళ్లేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తి. ఆయన పైన చెప్పిన దక్షిణామూర్తి శాస్త్రికి మనుమడు. బృహన్నల పాత్రధారి నందమూరి తారకరామారావు గుడివాడ ప్రాంతపు నిమ్మకూరు గ్రామస్థులు. బృహన్నల నాట్యశిక్షణ సన్నివేశంలో ఆయనకు గొంతు అరువిచ్చింది బాలమురళీకృష్ణ. అదే పాత్ర పద్యాలకు వచ్చేసరికి గొంతు ఘంటసాలది. ఒకే పాత్రకు రెండు కంఠాలు వాడడం సినీసౌకర్యంగా కనిపించవచ్చు. దిగువ కృష్ణాతీరపు వాదం తెలిసినవారికి అది స్పష్టమైన శ్రమవిభాగం. రాగం ప్రధానమైన చోట పారుపల్లి శిష్యుడు, మాట ప్రధానమైన చోట చౌటపల్లి గాయకుడు. శ్రోత చేతిలోని రెండు తక్కెడలను దర్శకుడు రెండు గొంతులుగా తెరపై నిలిపారు.

1967లో అదే దర్శకుడు శ్రీకృష్ణావతారం తీశారు. అందులోని రాయబారం ఘట్టంలో తిరుపతి వేంకటకవుల పద్యాలను రామారావుకు ఘంటసాల పాడారు. శ్రోతల పక్షాన ఇది సాహసమే. ఆ పద్యాలను రాత్రుల తరబడి రంగస్థలంపై విని, పీసపాటి నరసింహమూర్తి వంటివారి బాణీలను హృదయంలో నిలుపుకొన్న వేలమంది ముందు వాటిని కొత్త కొలతలో వినిపించవలసి వచ్చింది. ఫలితంగా రెండు అభిమాన వర్గాలు ఏర్పడ్డాయి. రాయబారం అంటే రంగస్థలానిదేనని ఒక వర్గం, తెరపై వినిపించినదేనని మరొక వర్గం. ఈ వాదం నేటికీ పద్యనాటక పరిషత్తుల పందిళ్లలో వినవస్తుంది. రంగస్థల నటుడు దీర్ఘంగా రాగం తీస్తే కొందరు చప్పట్లు కొడతారు, కొందరు పద్యం చెప్పమంటారు. శతాబ్ది గడిచినా ప్రశ్న మారలేదు.

లెక్కకు రానివారు

ఇంతవరకు శ్రోత అని వ్యవహరించిన వ్యక్తి ఎవరన్నది ప్రశ్నించుకోక తప్పదు. నాటక పందిరిలో వన్స్‌మోర్ అన్న గొంతు పురుషునిది. స్త్రీలు వేరుగా కూర్చునేవారు. వారికి అభిరుచి ఉంది గాని దానిని కేకగా ప్రకటించే వీలు లేదు. అగ్రహారపు కచేరీకి, భజనకు దళితులు, శ్రామిక కులాలవారు దూరంగానే ఉండవలసి వచ్చింది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను రాజకీయ ప్రచారసాధనంగా స్వీకరించినప్పుడు ఈ శ్రోతలకు తగిన వేదిక లభించింది. బుర్రకథలో కథకునికి ఇరువైపులా నిలిచే వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెబుతూ, మధ్యమధ్య అడ్డు తగిలి ప్రశ్నిస్తారు. శ్రోత అడగదలచినది వేదికపైనే ఒకరు అడిగే కళారూపం అది. రాగమా భావమా అన్న వివాదంలో ఈ శ్రోతలు నిస్సందేహంగా భావం పక్షం.

శ్రోతల తీర్పు మేలుచేసిన సందర్భాలు చెప్పినప్పుడు కీడుచేసిన సందర్భం కూడా చెప్పాలి. క్షేత్రయ్య పదాలను తరతరాలుగా నిలిపినవారిలో కళావంతుల స్త్రీలు ముఖ్యులు. పదంలోని ప్రతి మాటకు అభినయంతో అర్థం చెప్పగల విద్య వారిది. రాగభావాల సమన్వయానికి అంతకు మించిన ఉదాహరణ అరుదు. పందొమ్మిదో శతాబ్ది చివర ఆరంభమైన సంఘసంస్కరణోద్యమం వారి మేజువాణీలను బహిష్కరించింది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. బాలికలను దోపిడీకి గురిచేసిన ఆచారం అంతం కావడం న్యాయమే. అయితే ఆచారంతో పాటు ఆ స్త్రీల కంఠం కూడా సభ నుండి తొలగింది. పదాలు పురుషుల కలాపాలలో, నగర వేదికలలో గౌరవం పొందుతున్న కాలంలోనే, వాటిని మొదట నేర్పిన స్త్రీలకు శ్రోతలు కరవయ్యారు. వినడం ఎలా తీర్పో, వినకపోవడం కూడా అలాగే తీర్పు.

కోరిన పాట

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ఆరంభమైంది. పంచాయతీ రేడియో ఊరి నడుమ నిలిచి, కచేరీని టిక్కెట్టు లేకుండా, కులభేదం లేకుండా వీధిలోకి తెచ్చింది. 1940 నుండి మూడు దశాబ్దాలు ఆకాశవాణి కచేరీలలో హార్మోనియం నిషిద్ధం. హార్మోనియం ఒరవడిలో పద్యం వినడానికి అలవాటుపడిన ప్రాంతానికి రేడియో అందించిన తంబూరా, వయొలిన్ల సంగీతం చెవికి కొత్త శిక్షణ.

అంతకంటె ముఖ్యమైనది కోరిన పాటల కార్యక్రమం. రేడియో సిలోన్ తెలుగు ప్రసారాలు, ఆపైన వివిధభారతి శ్రోతల నుండి పోస్టుకార్డులు స్వీకరించి, కోరినవారి పేర్లు, ఊరి పేర్లు చదివి పాట వినిపించేవి. నాటక పందిరిలోని చదివింపు ఇక్కడ సొమ్ము లేని రూపం పొందింది. వన్స్‌మోర్ అన్న కేక పోస్టుకార్డుగా మారిందని కూడా చెప్పవచ్చు. ఈ మార్పుతో లబ్ధి పొందినవారిలో స్త్రీలు ప్రథములు. పందిరిలో కేక వేయలేని గృహిణి, కళాశాల విద్యార్థిని కార్డు రాయగలిగారు. నాగాయలంక నుండో గుడ్లవల్లేరు నుండో కార్డు రాసిన అమ్మాయి పేరు ఆకాశమార్గాన తన ఊరికే తిరిగి వినిపించడం ఆమె అభిరుచికి లభించిన బహిరంగ గుర్తింపు. అభిప్రాయానికి కారణం చెప్పే అవకాశం మాత్రం ఆ కార్డులో తక్కువ. సినీఫాన్ సాధించినది అందులో కొంత పోయిందని, వన్స్‌మోర్ సాధించలేనిది కొంత లభించిందని నిర్ధారించవచ్చు.

ఉపసంహారం

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మరణించారు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆ తరువాత వెలువడింది. తాత్పర్యసహితమైన ఆ గానం నిత్యపారాయణకు ఉద్దేశింపబడినది. కాని కాలక్రమాన తెలుగు ఊళ్లలో అది మరణం జరిగిన ఇంటి ముందు వినిపించే ధ్వనిగా స్థిరపడింది. వేకువన వీధి చివర ఆ గొంతు వినబడితే, ఎవరు పోయారని అడగడం మనకు సహజమైపోయింది. ఈ అన్వయం గాయకుడు చేసినది కాదు, రికార్డు సంస్థ చేసినదీ కాదు. శ్రోతలు చేసినది. తమ జీవితంలో అత్యంత గంభీరమైన ఘడియకు తగిన కంఠం ఏదని ఎవరూ సభ చేసి తీర్మానించకుండానే వారు నిర్ణయించుకొన్నారు. మాట తెలియాలి, రాగం దానిని మోయాలి అన్న ఆ తరం కొలత అందులో చివరిసారిగా, అత్యంత విస్తృతంగా అమలైంది.

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది, దిగువ కృష్ణాతీరంలో శ్రోతల అభిప్రాయం కచేరీలోని మౌనం నుండి వన్స్‌మోర్‌కు, పత్రికా సమీక్షకు, పోస్టుకార్డుకు క్రమంగా రూపం మార్చుకొన్నది. రెండవది, ఈ రూపాలన్నింటిలో అంతర్లీనంగా నిలిచిన ప్రశ్న రాగభావాల తూకం. ఘంటసాల పద్యగానం ఆ ప్రశ్నకు లభించిన సమాధానాలలో అత్యధికుల ఆమోదం పొందినది. మూడవది, ప్రతి రూపమూ కొందరికి గొంతునిచ్చి, కొందరికి నిరాకరించింది.

నాటక పందిరిలో ముగ్గురు కృష్ణులను పోల్చి విన్న తరం, కోరిన పాటకు కార్డు రాసిన తరం మన మధ్య ఇంకా ఉన్నాయి. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇళ్లతో పాటు ఇళ్లలోని కాగితాలను, పెట్టెలను తీసుకుపోయింది కనుక అక్కడ జ్ఞాపకమే ప్రధానమైన ఆకరం. కళాకారుల స్మృతులను సేకరించిన శ్రద్ధతోనే వారిని విన్నవారి స్మృతులను కూడా విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు సేకరించవలసి ఉంది. పాడినవారిని తీర్చిదిద్దినవారు ఎవరన్న ప్రశ్నకు అక్కడే సమాధానం ఉంది.